ఎండీగారు కనబడుటలేదు

"యూజర్ కనబడలేదు" అంది కంప్యూటరు.

ఎండీగారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు. కంప్యూటరు మాట మార్చలేదు. ఎర్రరన్నాక ఎర్రగానే ఉండాలన్న పట్టుదలతో ఎర్రటి డబ్బాలో ఎర్రటి అక్షరాలు అలాగే వెలుగుతున్నాయి.

"నేను... కనబడలేదా?"

నిజానికి ఆ గదిలో ఆయన తప్ప ఇంకేదైనా కనబడటమే కష్టం. గోడ మీద ఆయన ఫోటో. బల్ల మీద ఆయన ఫోటో. కిటికీ పక్కన, కంపెనీ తయారుచేసిన మొట్టమొదటి నిచ్చెన పైమెట్టు మీద నిలబడి ఆకాశానికేసి వేలు చూపిస్తున్న ఆయన ఫోటో. వీటన్నిటి మధ్యా, కుర్చీ చేతులు రెండింటినీ ఒరుసుకుంటూ సాక్షాత్తూ ఆయన.

"పాస్‌వర్డు తప్పు కొట్టారేమో సార్" అంది హెచ్చార్ మేడమ్. హెచ్చరించడం కోసమే హెచ్చార్‌లో చేరిన మనిషి ఆవిడ.

"పాస్‌వర్డు తప్పయితే పాస్‌వర్డు తప్పు అనాలి. మనిషే లేడంటుందేం?"

ఆయన అన్నది అక్షరాలా నిజం. అది ఎంత నిజమో తెలిసి ముచ్చెమటలు పోస్తున్నవాడు ఆ గదిలో ఒక్కడే. తలుపు పక్కన, గోడలో కలిసిపోగలిగితే కలిసిపోదామన్నట్టు నిలబడ్డ చెట్టుబాబాయి.

ఆ కంపెనీ నిచ్చెనలు చేస్తుంది. ఇంట్లో బల్బు మార్చుకునే బుల్లి నిచ్చెన నుంచి, మంటలార్పేవాళ్ళు భుజాన వేసుకుని పరిగెత్తే మడత నిచ్చెన దాకా. చేసేవి నిచ్చెనలు కావడం వల్లో ఏమో, అక్కడ పనిచేసే వాళ్ళందరికీ తిన్నా పడుకున్నా ఒకటే ధ్యాస: ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారు, తమకంటే పైనా, కిందా?

బాబాయి చూసేది డైరెక్టరీ సర్వరు. కంపెనీలో ఎవరెవరున్నారో, ఎవరి పాస్‌వర్డు ఏమిటో కడుపులో దాచుకునే కంప్యూటరన్నమాట. పొద్దున్నే ఎవరైనా వచ్చి తమ పేరూ పాస్‌వర్డూ కొట్టగానే, వాళ్ళ కంప్యూటరు గుట్టుగా వెళ్ళి దీన్ని అడుగుతుంది: "ఈయన మనవాడేనా?" ఇది "మనవాడే" అంటేనే తలుపు తీస్తారు. కాదంటే ఎంత లాగినా లాగిన్ రాదు.

ఆ పేర్లన్నీ దాంట్లో ఒక చెట్టులా వేలాడుతుంటాయి. 'ఉద్యోగులు' అని ఒక పెద్ద కొమ్మ, దానికి అమ్మకాలు, తయారీ, లెక్కలు అని రెమ్మలు. 'పాతవాళ్ళు' అని ఇంకో కొమ్మ, రిటైరయినవాళ్ళకి. 'బయటివాళ్ళు' అని మరో కొమ్మ, కాంట్రాక్టు వాళ్ళకి. ఈ చెట్టుకి నీళ్ళు పోస్తాడు కాబట్టి అతను చెట్టుబాబాయి అయ్యాడు. నీళ్ళు పోసే బాబాయి పేరు మాత్రం 'బయటివాళ్ళు' కొమ్మలోనే ఉంది. "ఈ ఒక్క ఏడాదికీ కాంట్రాక్టు పొడిగిద్దాం" అని ప్రతి ఏడాదీ పొడిగిస్తూ వచ్చారు. జీళ్ళపాకమయినా ఈపాటికి తెగి ఉండేది.

మరి ఎండీగారి పేరు ఏ కొమ్మలో ఉంది? ఏ కొమ్మలోనూ లేదు. అక్కడే ఉంది తంటా.

చాన్నాళ్ళ కిందట ఒకసారి ఆయన కారిడార్లో నడుస్తూ బాబాయి తెర మీద ఆ చెట్టు చూశారు.

"ఇందులో నేనెక్కడయ్యా?"

"ఇదిగో సార్, ఉద్యోగుల కొమ్మలో, మేనేజ్‌మెంటు రెమ్మ మీద."

"కొమ్మ మీద కూర్చోడానికి నేనేమన్నా కోతినా?"

అంతే. బాబాయి ఆయన్ని పట్టి లాగి, కొమ్మలన్నిటికీ పైన, ఎవరి కిందా లేకుండా, ఒంటరిగా తగిలించాడు. కంప్యూటరు చెట్లు తలకిందులుగా ఉంటాయి. పైన కనబడేది శిఖరం కాదు, వేరు. బాబాయి ఆయన్ని వేరు దగ్గర కూర్చోబెట్టి శిఖరమని చెప్పాడు. ఆయన మురిసిపోయారు. ఆ మురిపెం ఆఫీసంతా పాకింది. అమ్మకాల మేనేజరు వచ్చి "బాబాయ్, నన్ను లెక్కలాయన కంటే ఒక్క గీత పైకి జరుపు" అన్నాడు. లెక్కలాయన రెండు గీతలకు బేరం పెట్టాడు. జరిపితే జీతం పెరగదు, కుర్చీ మారదు, పనీ తగ్గదు. అయినా జరిపించుకున్నారు. బాబాయికి కూడా అదొక దర్జాగా ఉండేది, పర్మనెంటు వాళ్ళందరూ ఒక టెంపరరీ మనిషి దగ్గర క్యూ కట్టడం.

ఇప్పుడు వచ్చిపడింది 'సోపానం'. సెలవులు, బిల్లులు, ప్రమోషన్లు, సమస్తం దాంట్లోంచే నడిపించే కొత్త సాఫ్ట్‌వేరు. సోపానమో శాపానమో తేలేలోగానే దాన్ని అమ్మిన కంపెనీ నుంచి ఒక కన్సల్టెంటు వచ్చి మీటింగు హాల్లో టెంటు వేశాడు. సోపానాన్ని డైరెక్టరీకి కలపడానికి అతను బాబాయిని అడిగినవి నాలుగే: సర్వరు అడ్రసు, పోర్టు నంబరు, సర్వర్ని అడగడానికి ఒక ఖాతా, చివరగా, చెట్టులో ఎక్కడి నుంచి వెతకాలి.

"ఉద్యోగుల కొమ్మ నుంచి" అన్నాడు బాబాయి.

"అంతేనా బాబాయ్‌గారూ? వెతికినప్పుడు దొరికిన ప్రతి పేరునీ సోపానం పర్మనెంటు ఉద్యోగి అనుకుంటుంది. ఫైలు తెరిచి, ఎండీగారి ఆమోదానికి పంపిస్తుంది."

"అంతే. మిగతావాళ్ళం మనుషుల కింద లెక్క కాదులే."

పచ్చ టిక్కు వచ్చింది. కనెక్షను కలిసింది. ఉద్యోగులందరూ దొరికారు. డైరెక్టరీలో దొరకనిది డైరెక్టరుగారొక్కరే.

ఈ సంగతి ఎండీగారి గదిలో, ఎండీగారి ఎదుట, ఎర్రటి అక్షరాల వెలుగులో బాబాయికి తట్టింది. ఇంకో మనిషయితే లోపల్లోపల నవ్వుకునేవాడు. బాబాయి నవ్వలేకపోయాడు. ఎందుకంటే ఆయన సోపానం లోపలికి వెళ్ళగానే ఆమోదించాల్సిన వాటిలో హెచ్చార్ మేడమ్ స్వయంగా ఎక్కించిన ఫైలొకటి ఉంది. బాబాయిని పర్మనెంటు చేసే ఫైలు.

"కాగితం మీద చేయించెయ్యండి మేడమ్, ఒక్క సంతకం" అని బాబాయి అప్పుడే బతిమాలాడు.

"సోమవారం నుంచి కాగితం మీద ఎవరి సంతకమూ చెల్లదని ఎండీగారే సంతకం పెట్టారు" అందావిడ. "దేని మీద పెట్టారనుకున్నారు? కాగితం మీదే!"

*

బాబాయి అద్దె ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు ఉండాల్సిన చోట లిఫ్టు ఉండాల్సిన గొయ్యి ఉంది. బాబాయి భార్య పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. పగలంతా జనం పళ్ళ నొప్పులు విని, సాయంత్రం తన మోకాళ్ళ నొప్పులతో పళ్ళ బిగువున మెట్లెక్కుతుంది. ఈమధ్య ఆవిడ ఎక్కే తీరు మారింది. ఇదివరకు మలుపు దగ్గర ఆగేది. ఇప్పుడు మెట్టు మెట్టుకీ ఆగుతోంది. రెండు చేతులతో కటకటాలు పట్టుకుని, ముందు కుడికాలు, తర్వాత ఎడంకాలు, ఆ తర్వాత నిట్టూర్పు. ఎముకల డాక్టరు ఎక్సరేలు దీపానికి ఎత్తిపట్టి చూసి ఒకటే మాట చెప్పాడు: "మెట్లు మానెయ్యండి." మెట్లు మానేస్తే ఇల్లు మానెయ్యాలి.

కంపెనీ కాలనీలో కింది అంతస్తు క్వార్టరొకటి ఖాళీ అయింది. గుమ్మం దాకా చదును నేల. పర్మనెంటు వాళ్ళకే ఇస్తారు. సొంతిల్లు లేనివాళ్ళలో ఎవరు సీనియరయితే వాళ్ళకి. శుక్రవారం జాబితా. ఆలోగా ఎండీగారు లోపలికెళ్ళి ఒక్క నొక్కు నొక్కితే చాలు.

ఆ సాయంత్రం బాబాయి వచ్చేసరికి ఆవిడ రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన కూరల సంచీ.

"ఇక్కడ కూర్చున్నావేంటోయ్?"

"ఇల్లు తెచ్చిస్తానన్నారుగా, ఇక్కడికే తెస్తారేమోనని చూస్తున్నా."

బాబాయి సంచీ అందుకున్నాడు. ఆవిడ లేవలేదు.

"అయిందా?" అంది.

"కాలేదు. ఆయన లోపలికి వెళ్ళలేకపోతున్నాడు."

"ఎక్కడి లోపలికి?"

"సాఫ్ట్‌వేరు లోపలికి. ఆయన్ని చెట్టు పైన తగిలించాను కదా. అది కొమ్మలో వెతుకుతోంది. పైన చూడట్లేదు."

"తగిలించింది మీరేగా! దింపండి."

"దిగడు."

"మీ చేతిలో పనేగా అండీ? చెప్పకుండా దింపండి."

"దింపగానే ఆయన తెర మీద పడుతుంది, 'ఉద్యోగులు, మేనేజ్‌మెంటు' అని. చూశాడంటే పర్మనెంటు మాట దేవుడెరుగు, ఉన్న టెంపరరీ కూడా ఊడుతుంది."

ఆవిడ కటకటాలు పట్టుకుని లేచింది. ఒక మెట్టు ఎక్కి ఆగింది.

"మా అక్కకి ఫోన్ చేశాను ఇందాక. బావగారు ఇంట్లో మెట్లకి పాలరాయి వేయిస్తున్నారట. ఇంట్లో మూడే మూడు మెట్లు. వాటికి పాలరాయి!" ఇంకో మెట్టు. "నిచ్చెనల కంపెనీలో పనిచేసే మొగుడుండి నాకీ మెట్లు తప్పలేదు. నవ్వు కూడా మోకాళ్ళలోంచే వస్తోంది."

 ఆవిడ నవ్వడం లేదు. మిగతా మెట్లు ఇద్దరూ ఆవిడ కాళ్ళ తాళానికి నడిచారు.

*

మర్నాడు బాబాయి గుండె చిక్కబట్టుకుని ఎండీగారి గదికి వెళ్ళాడు. వెంట కన్సల్టెంటు, సాక్ష్యానికి.

"సార్, ఒక చిన్న మనవి. ఉద్యోగుల కొమ్మలో మీకోసమని ఒక ప్రత్యేకమైన రెమ్మ వేస్తాను. మీరొక్కరే ఉంటారు. దానికి 'శిఖరం' అని పేరు."

ఎండీగారి ముఖం విప్పారింది. "శిఖరం! బావుందయ్యా. ఎక్కడుంటుందది?"

"ఉద్యోగుల కింద సార్."

"ఉద్యోగుల కింద శిఖరమేంటయ్యా? కొండని బోర్లించావా?"

"అది ఊరికే వరస సార్. వెతకడానికి వీలుగా..."

"వీలు! మా నాన్న పెట్టిన కంపెనీ ఇది. నిచ్చెన పైమెట్టు మీదున్నవాణ్ణి, ఎవరో వెతుక్కోడానికి వీలుగా దిగి రమ్మంటావా? ఇవాళ ఒక మెట్టు దిగమంటావు. రేపు అమ్మకాల వాడి పక్కన నిలబడమంటావు. ఎల్లుండి ఐడీ కార్డు మెళ్ళో వేసుకోమంటావు!"

"అందరూ వేసుకుంటున్నారు సార్" అన్నాడు కన్సల్టెంటు, సాయం చేస్తున్నాననుకుని.

"నేను అందరిలో ఒకణ్ణి కాదుగా!" ఎండీగారు బల్ల గుద్దారు. బల్ల మీది ఎండీగారు బోర్లా పడ్డారు. పక్కనే ఉన్న హెచ్చార్ మేడమ్ నిలబెట్టింది. "చూడు చెట్టూ, నేను కదలను. దాన్నే తలెత్తి చూడమను."

గది బయటికి రాగానే బాబాయి కారిడార్లో ఆగిపోయాడు.

"తలెత్తి చూడమన్నాడు" అన్నాడు మెల్లగా.

"కోపంలో అంటారండీ బాబాయ్‌గారూ."

"కాదయ్యా. నిజంగానే తలెత్తించొచ్చు. వెతకడం ఉద్యోగుల కొమ్మ నుంచి కాకుండా చెట్టు మొదలు నుంచి పెడితే? ఆయన అక్కడే ఉంటాడు, అది ఆయన్ని చూస్తుంది."

కన్సల్టెంటు గడ్డం గోక్కున్నాడు. "చూస్తుంది. ఆయన్నే కాదు, మొత్తం చూస్తుంది. రిటైరయినవాళ్ళు, కాంట్రాక్టు వాళ్ళు, ఇంకా ఆ చెట్టుకి మీరేమేం తగిలించారో అన్నీ. పక్కన ఒక ఫిల్టరు రాయాలి, ఫలానా వాళ్ళనే తీసుకో, మిగతావి వదిలెయ్యి అని."

"రాయడానికి ఎంతసేపు?"

"రాయడం చిటికెలో పని. ఫలానా వాళ్ళంటే ఎవరో మీ మేనేజర్లందరూ కూర్చుని తేల్చాలి."

ఆ మేనేజర్లు కూర్చుంటే ఏమవుతుందో బాబాయికి తెలుసు. కాఫీకి పంచదార ఎంతో తేలడానికే ఒక మీటింగు పడుతుంది. సోపానం ప్రారంభోత్సవం మధ్యాహ్నమే. ఎండీగారు స్టేజీ మీద, పెద్ద తెర మీద, అందరి ముందూ లాగిన్ అవుతారని బ్యానరు కూడా కట్టేశారు. ఇవాళ ఆయన లోపలికి వెళ్ళకపోతే మళ్ళీ ఆ ఊసెత్తడు. శుక్రవారం జాబితా ఆగదు. బాబాయి కళ్ళ ముందు మెట్టు మీద కూర్చున్న కూరల సంచీ, దాని పక్కన మనిషి.

"ఫిల్టరు తర్వాత రాద్దాం" అన్నాడు.

"తర్వాతంటే?"

"ఇది అయ్యాక."

కన్సల్టెంటుకి భోజనం వేళయింది. "మీ చెట్టు, మీ ఇష్టం" అని క్యాంటీను వైపు నడిచాడు. బాబాయి తన సీటుకెళ్ళి, 'ఎక్కడి నుంచి వెతకాలి' అన్న డబ్బాలో ఉద్యోగులనే మాట చెరిపి, చెట్టు మొదలు రాసి, టెస్టు నొక్కాడు. చక్రం తిరిగింది, తిరిగింది, మునుపటికంటే ఎక్కువసేపు తిరిగింది. పచ్చ టిక్కు.

*

గో-లైవ్ అంటే గోలంతా లైవ్‌లో చూపించడమని ఆ మధ్యాహ్నం అందరికీ అర్థమైంది.

హాలు నిండా జనం. ఎండీగారు స్టేజీ ఎక్కి, వేళ్ళు విరుచుకుని, పేరు కొట్టారు, పాస్‌వర్డు కొట్టారు. బాబాయి వెనక వరసలో మునివేళ్ళ మీద లేచి చూశాడు. తెర ఒక్క క్షణం తెల్లబోయింది, ఆ తర్వాత పచ్చబడింది. 'స్వాగతం ఎండీగారూ!' చప్పట్లు మోగిపోయాయి. ఎండీగారు ఎన్నికల్లో గెలిచినట్టు చేతులెత్తారు.

"కనబడ్డానా?" అన్నారు మైకులో.

"కనబడ్డారు సార్!" అంది హాలు.

తెర మీద తర్వాతి పేజీ వచ్చింది: 'మీ ఆమోదం కోసం వేచి ఉన్నవి.' కింద పేర్ల వరస, చూసేకొద్దీ కిందికి పోతూనే ఉంది. దాని కింద రెండు బటన్లు: 'ఒక్కొక్కటి చూడు', 'అన్నీ ఆమోదించు'.

"ఒక్కొక్కటి చూస్తూ కూర్చోడానికి నేను గుమాస్తానా?" అన్నారు ఎండీగారు మైకులోనే. రెండోది నొక్కారు.

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది. అందులో తన ఫైలూ ఉంది. పర్మనెంటు! భార్యకి చెబుదామని ఫోను తీసేలోగా ఆ ఫోనే టింగుమంది. పక్కవాడిదీ టింగుమంది. హాల్లో, గుమ్మంలో, క్యాంటీన్లో, గేటు దగ్గర, అంతటా టింగు టింగు టింగు.

క్యాంటీను వంటాయన గరిటతోనే పరిగెత్తుకొచ్చాడు. "బాబాయ్, నన్ను పర్మనెంటు చేశారా?"

గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు, తనకొచ్చిన మెసేజి ఎవరైనా పైకి చదివితే విందామని.

హెచ్చార్ మేడమ్‌కి ఫోనొచ్చింది. అవతల, రిటైరయి వంకాయ మొక్కలు పెంచుకుంటున్న పాత కేషియరు. "అమ్మా, పర్మనెంటు ఉద్యోగిగా స్వాగతమన్నారు. మళ్ళీ రమ్మంటే వస్తాను గానీ, పాత కుర్చీయే కావాలి. నడుం దానికే అలవాటు."

ఇంతలో మొదటి అంతస్తు నుంచి ఒకమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది. "బాబాయ్, మన కలర్ ప్రింటరు ఏదో ఉత్తరం అచ్చేసింది. ఎవరు పంపారో తెలీడం లేదు."

బాబాయి చదివాడు. 'ప్రియమైన కలర్ ప్రింటర్‌గారికి, మా కుటుంబంలోకి స్వాగతం. మీ ఉద్యోగం నేటితో ఖాయమైంది.' ఆ ప్రింటరుకి వచ్చే మెయిళ్ళన్నీ అదే అచ్చేస్తుంది. తన ఆర్డరు తనే అచ్చేసుకుని, ట్రేలో మర్యాదగా పెట్టుకుంది.

తప్పు బాబాయిదే. స్కాన్ చేసిన కాగితాలు మెయిల్లో పంపాలంటే ప్రింటరుకి ఒక ఖాతా కావాలి. ఖాతా తెరిచే పేజీలో పేరు, ఇంటిపేరు రాయక తప్పదు. పేరు: కలర్. ఇంటిపేరు: ప్రింటర్. అదే లెక్కన మీటింగు హాలుకీ ఒక ఖాతా ఉంది. అదీ పర్మనెంటు అయింది. దానికి ఏడాదికి సరిపడా సెలవులూ మంజూరయ్యాయి.

హెచ్చార్ మేడమ్ ఎండీగారి గదికి పరిగెత్తింది, వెనకే బాబాయి.

"సార్, వెనక్కి తీసుకోవాలి. వంటాయన, సెక్యూరిటీ, ఊడ్చేవాళ్ళు... అందరూ పర్మనెంటయిపోయారు."

"తీసుకో మరి."

"మీరే తీసుకోవాలి సార్. ఇక్కడ నొక్కి, కారణం రాస్తే, అది ఉద్యోగులందరికీ మెయిల్లో వెళుతుంది."

"కారణమేం రాయాలి?"

"'చూడకుండా ఆమోదించాను' అని సార్."

ఎండీగారు కుర్చీలో వెనక్కి వాలారు. గోడ మీది ఎండీగారు, బల్ల మీది ఎండీగారు, నిచ్చెన మీది ఎండీగారు, నలుగురూ కలిసి హెచ్చార్ మేడమ్‌ని చూశారు.

"ఎవరన్నారు చూడకుండా అని? నేను చూసే నొక్కాను."

"ప్రింటరుని కూడానా సార్?"

"ప్రింటరు ఏం తక్కువ చేసింది? మీలో సగం మంది కంటే వేగంగా పనిచేస్తుంది. ఇక మన కంపెనీలో బయటివాళ్ళన్న మాటే లేదు. రాసుకో."

ఆ మాట నోటీసు బోర్డెక్కింది, ఆయన కొత్త ఫోటోతో సహా. వంటాయన ఆ సాయంత్రం కాఫీలో పాలు కాస్త ఎక్కువ పోశాడు. బాబాయి రెండు కప్పులు తాగాడు.

*

శుక్రవారం హెచ్చార్ మేడమ్ గదిలో జాబితా తెరిచి పెట్టుకుని, ముక్కు మీద వేలేసుకుని కూర్చుంది.

"నాదేగా మేడమ్?" అన్నాడు బాబాయి.

"మీరు రెండోవారు."

"మొదటివాళ్ళెవరు? వంటాయనా? ఆయనకి సొంతిల్లుందే!"

"వంటాయన కాదు." తెర అతని వైపు తిప్పింది. "కలర్ ప్రింటర్‌గారు."

బాబాయి తెరకి దగ్గరగా వంగి ఆ పేరు మళ్ళీ చదివాడు.

"దానికి క్వార్టరెందుకు మేడమ్?"

"ఎందుకని నన్నడగకండి. రూలేంటి? సొంతిల్లు లేని పర్మనెంటు ఉద్యోగుల్లో సీనియరు. మీటింగు హాలుకి సొంత గదుంది, కొట్టేశాను. ప్రింటరుకి లేదు. చేరిన తేదీ చూడండి, మీకంటే ముందు."

ముందే మరి. బాబాయి కంపెనీలో చేరిన రోజు చేసిన మొట్టమొదటి పని ఆ ప్రింటరుకి ఖాతా తెరవడం. కాంట్రాక్టు మనిషికి ఖాతా ఇవ్వచ్చా అని పైవాళ్ళు ఆలోచించి, ఆలోచించి, అతనికి ఇచ్చేసరికి ప్రింటరు ఒక సిరా డబ్బా ఖాళీ చేసేసింది.

"తీసెయ్యండి మేడమ్ దాన్ని!"

"తియ్యాలంటే ఎండీగారు 'చూడకుండా ఆమోదించాను' అని రాయాలి. వెళ్ళి అడుగుతారా?"

బాబాయి కూలబడ్డాడు. కన్సల్టెంటేడీ అని అడుగుదామనుకున్నాడు. గో-లైవ్ అయిన గంటలోనే అతను టెంటు పీకేశాడు. మళ్ళీ రావాలంటే మళ్ళీ కాంట్రాక్టు రాయాలి. ఆ కాంట్రాక్టుకి ఆమోదం సోపానంలోనే ఇవ్వాలి.

"మా ఆవిడ మూటలు కట్టేసింది మేడమ్" అన్నాడు. ఈసారి గొంతులో చమత్కారమేమీ లేదు. "నిన్న పక్కింటావిడకి బాల్కనీలో కుండీలన్నీ ఇచ్చేసింది. కింద వేరేవి పెంచుకుంటానని. నేనిప్పుడు వెళ్ళి ప్రింటరుకొచ్చిందని చెప్పాలా?"

హెచ్చార్ మేడమ్ హెచ్చరించడం తప్ప ఎరగని మనిషే గానీ, ఆవిడ ఇంట్లోనూ మెట్లున్నాయి, వాళ్ళమ్మా ఉంది.  మౌసు కదిపింది.

"ఉండండి. క్వార్టరు ఒంటరివాళ్ళకి ఇవ్వకూడదు. కుటుంబం ఉండాలి."

"దానికి కుటుంబమెక్కడిది! కొట్టెయ్యండి మరి!" బాబాయి లేచి నిలబడ్డాడు.

"చూపిస్తోంది. కుటుంబ సభ్యులు: ఒకరు." కళ్ళు చిట్లించి చదివింది. "మీరే."

ప్రింటరు పాడయితే ఎవరికి చెప్పాలో రాసే చోట బాబాయి అప్పట్లో తన పేరు రాసుకున్నాడు. ఆ గడిని కన్సల్టెంటు సోపానంలో కుటుంబం గడికి కలిపి పోయాడు. అది ఎందుకు కలిపాడో అతని టెంటుకే తెలియాలి.

బాబాయి హెచ్చార్ మేడమ్‌ని చూశాడు. హెచ్చార్ మేడమ్ బాబాయిని చూసింది.

"కుటుంబ సభ్యులు కూడా క్వార్టర్లో ఉండొచ్చా మేడమ్?"

"ఉండొచ్చు. వాళ్ళ భార్యలూ ఉండొచ్చు. వరస ఒకటి నింపాలి. కొడుకా, కూతురా, తల్లా, తండ్రా... ఇన్నే ఉన్నాయి ఇందులో."

"తండ్రని పెట్టండి. పుట్టించింది నేనేగా."

"కుదరదు. అది మీకంటే సీనియరు. తండ్రి కొడుకు కంటే జూనియరయితే సోపానం ఒప్పుకోదు."

"అయితే?"

"మీరు కొడుకు" అంది హెచ్చార్ మేడమ్, నొక్కేస్తూ. "ఇంకొక్కటి. క్వార్టరు ఎవరి పేర వస్తే వాళ్ళు అందులో కాపురముండాలి. తనిఖీకి వస్తాం. అద్దెకిచ్చేసి ఆఫీసులో ఉంటానంటే రద్దు."

*

ప్రింటరుని కంపెనీ వాళ్ళే మోసుకొచ్చి, కింది క్వార్టరు ముందుగదిలో, కిటికీ పక్కన, గాలి తగిలేచోట పెట్టారు. గుమ్మం మీద బోర్డు: 'కలర్ ప్రింటర్'. దాని కింద చిన్న అక్షరాలతో 'కుటుంబం'.

బాబాయి భార్య వాకిట్లోంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి గదిలోకి నడిచింది. మళ్ళీ వాకిట్లోకి వెళ్ళి, మళ్ళీ లోపలికొచ్చింది. దేన్నీ పట్టుకోలేదు. బాబాయి ఆవిడ ముఖంలోకి చూడకుండా వైర్లు తగిలిస్తున్నట్టు వంగి కూర్చున్నాడు.

"ఇంతకీ నాకు ఏమవుతారండీ వీరు?" అంది ప్రింటరుని చూస్తూ.

"వరస ప్రకారం నువ్వు కోడలివి."

"మామగారా, అత్తగారా?"

"అది సోపానంలో నింపలేదు."

ఆవిడ ప్రింటరు మీది దుమ్ము చీర చెంగుతో ఒకసారి తుడిచింది. "నాలుగు అంతస్తులు ఎక్కించిన మొగుడి కంటే నయం. వచ్చీ రాగానే ఇల్లిచ్చారు. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళే."

"నేనూ పర్మనెంటేనోయ్."

"వారి తర్వాతేగా!"

తలుపు చప్పుడైంది. గుమ్మంలో అమ్మకాల మేనేజరు, చేతిలో పెన్ డ్రైవు, వెనకే లెక్కలాయన, ఆయన వెనక ఇంకో ఇద్దరు. మొదటి అంతస్తులో ఇప్పుడు ప్రింటరు లేదు మరి. కాగితం చెల్లని కంపెనీలో అందరికీ కాగితాలే కావాలి.

"పెద్దవారున్నారా అమ్మా?" అన్నాడు అమ్మకాల మేనేజరు. "కలర్లో రెండు కాపీలు."

"నేను ముందొచ్చాను" అన్నాడు వెనకనుంచి లెక్కలాయన.

బాబాయి లేవబోయాడు. ఆవిడ చేత్తో వారించి, కుర్చీ లాక్కుని కిటికీ పక్కన తీరిగ్గా కూర్చుని, కాళ్ళు చాపుకుంది.

"ఉన్నారు, లోపలికి రండి" అంది. "చెప్పులు బయట విప్పండి. కాగితం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి."